సభ్యుడి పేరు: మా ఆయన

మా ఉడుములపల్లెలో పెళ్ళయిన ఆడది మొగుడి పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు. నమ్మేవాళ్ళూ పలకరు, నమ్మనివాళ్ళూ పలకరు. ఎక్కడైనా పేరు అడిగితే పక్కనున్న మనిషి వైపు చూస్తారు. ఆ మనిషి చెబుతాడు. పాలకేంద్రంలో ఆ పక్కనున్న మనిషిని నేను. పన్నెండేళ్ళుగా.

నా పేరు మునిరత్నం. చదివింది ఏడో తరగతి, మా ఊరి బళ్ళోనే. పొద్దున ఐదున్నరకూ, సాయంత్రం ఐదున్నరకూ కేంద్రం తెరుస్తాను. పాలు కొలిచి, వెన్న శాతం చూసి, రాస్తాను. పాలు తెచ్చేది ఆడవాళ్ళు. పుస్తకంలో పేర్లు మగవాళ్ళవి.

పుస్తకం పోయి ట్యాబు వచ్చాక చిక్కు మొదలైంది. జిల్లా సంఘం ఒక సైటు పెట్టింది. తెర మీద పేర్లు బారుగా వస్తాయి. పాలు పోసినామె తన వరస మీద వేలు పెట్టాలి. చదువు రానివాళ్ళు సగం మంది. ఒకరి పాలు ఇంకొకరి వరసలో పడేవి. దినానికొక గొడవ. అప్పుడు సైటు చూసే యామినమ్మకు తిరుపతికి ఫోన్ చేసి నేనే అడిగాను.

"అమ్మా, పేర్ల పక్కన మొహాలు పెట్టండి. మొహం చూసి వేలు పెడతారు."

ఆ మాట నేను అడగకపోయి ఉంటే బాగుండేది.

నెల తర్వాత ఆమె బస్సు దిగి వచ్చింది. చేతిలో కొత్త ట్యాబు. పాతికేళ్ళుంటాయి, మాట వేగం. మగవాళ్ళెవరూ ఫోటో దిగడానికి రాలేదని చెప్పాను. ఆధార్ కార్డుల్లో ఉన్న ఫోటోలు చూసి కట్టుకున్న పెళ్ళాలే గుర్తుపట్టలేదని కూడా చెప్పాను.

"ఫోటో అక్కర్లేదు రత్నంగారూ. ఆడవాళ్ళు మాట్లాడితే చాలు."

నాకు అర్థం కాలేదని నా మొహం చూసి తెలుసుకుంది. కేంద్రం ముందు బురదలో ఉన్న గిట్ట గుర్తు చూపించింది.

"ఇది ఎవరి ఆవు?"

"సుగుణ వాళ్ళ జెర్సీది. వెనక కుడికాలు ఈడుస్తాది."

"ఆవును చూడకుండానే చెప్పారు కదా. మనిషి గొంతు కూడా ఈ బురద లాంటిదే. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉంటే ఒకరి గొంతు మీద ఇంకొకరి జాడ పడుతుంది. ఆమె మాట విని ఆయన మొహం గీయొచ్చు. గొంతు కూడా తీయొచ్చు. మూడేళ్ళు పని చేశాం దీని మీద. పేరు కూడా అదే పెట్టాం, జాడ."

మా అక్క మొగుడు ఎనిమిదేళ్ళుగా జాడ లేడు. ఆ మాట అప్పుడే గుర్తొచ్చింది. పైకి అనలేదు.

కుప్పమ్మవ్వను పిలిచి పరీక్ష చేసింది. అవ్వ పాలు కొడుకు పేరు మీద ఉన్నాయి. మిషను ఆడగొంతుతో అడిగింది: "ఎవరి పేరు మీద? పేరు చెప్పి, ఆయన గురించి రెండు మాటలు చెప్పండి."

"గుర్రప్ప. నా కొడుకే. సోంబేరి నాయాలు. పొద్దెక్కినా లేవడు."

తెర మీద గుండ్రటి గీత పడింది. అందులో ముందు చెవులు, తర్వాత గడ్డం, ఆఖరున సగం మూసిన కళ్ళు. గుర్రప్పే. నిద్రమొహంతో సహా. "లీటరున్నర. వెన్న నాలుగు పాయింటు రెండు," అని గుర్రప్ప గొంతుతోనే చెప్పింది.

"చూడు, ఈడన్నా పని చేస్తా ఉండాడు," అంది అవ్వ. అందరూ నవ్వారు.

"ఇకమీద సంతకాలకి మగవాళ్ళని పిలవక్కర్లేదు," అంది యామినమ్మ. "అవునన్నా కాదన్నా సభ్యుడి తరఫున ఈ బొమ్మే చెబుతుంది." సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. పాత పేర్ల పట్టీ తీసేశాననీ, మిగతావాళ్ళవి కొత్తగా నన్ను ఎక్కించమనీ చెప్పింది.

మరుసటి పొద్దున ముందు వచ్చింది సుగుణ. మిషను పేరడిగింది. సుగుణ అలవాటుగా నా వైపు చూసింది. నేను నోరు తెరవబోయాను. ఆమె గొంతే కావాలని యామినమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి ఆగాను.

"మా ఆయన," అంది సుగుణ సిగ్గుపడి. "తెల్లారకముందే టమోటా తోటకు పోతాడు. ఉప్పు తక్కువైతే కంచం తోస్తాడు."

మొహం పడింది. "అయ్యో, ఆయనే! ఆ మూతి ముడుపు చూడన్నా!"

ఆ తర్వాత నాగవేణి. "మా ఆయన. క్వారీలో రాయి కొడతాడు." తర్వాత మా ఇంటామె సరోజ. "మా ఆయన. మాట్లాడడు." నన్ను పక్కన పెట్టుకునే ఆ మాట అంది. అట్లా రెండు దినాల్లో ముప్పై ఎనిమిది మంది. మిషను పేరడిగింది, అందరూ మా ఆయన అన్నారు. నేను విన్నాను. పన్నెండేళ్ళుగా వింటున్నాను కాబట్టి నాకది పేరుగానే వినిపించింది.

ఆఖరున వచ్చింది మా అక్క చెంగమ్మ. బావ టమోటా లోడుతో మద్రాసుకు పోయాడు. లారీ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. వెతికిన చోటల్లా వెతికాం. అక్క బొట్టు తీయలేదు, పుస్తకంలో ఆయన పేరు తీయనివ్వలేదు. పెళ్ళినాటి ఫోటో ఒక్కటే ఉండేది, దాన్ని చెదలు తినేసింది.

ట్యాబు ముందుకు వచ్చి కొంగు సర్దుకుంది.

"మా ఆయన," అంది. రెండో మాట రాలేదు.

గుండ్రటి గీతలో మొహం మెల్లగా పడింది. బావ మొహమేనా అంటే అవునని చెప్పలేను, కాదని చెప్పలేను. ఎనిమిదేళ్ళు పెద్ద కాలం. అక్క పాలచేత్తో ఆ గాజును తాకింది. తెల్లటి వేలిముద్ర పడింది. తుడుద్దామని గుడ్డ తీసి, తుడవలేకపోయాను.

ఆ బొమ్మల్ని మా ఊళ్లో బిళ్ళలు అనేవాళ్ళు. మా ఆయన బిళ్ళ, మీ ఆయన బిళ్ళ. వరస తప్పులు ఆగిపోయాయి. ఫోన్లున్నవాళ్ళు ఇంటి దగ్గర కూడా బిళ్ళ తెరిచి వెన్న శాతం వినేవాళ్ళు. అడిగితే ఇంకో రెండు మాటలు కూడా చెప్పేది. దినాం వాళ్ళ గొంతు విని మొహాన్ని కొంచెం కొంచెం దిద్దుకునేది.

పది దినాల తర్వాత, ఒక పొద్దున, సుగుణ వాళ్ళాయన బిళ్ళలో ఎడమ కనుబొమ్మ మీద గాటు కనిపించింది.

సుగుణ మొగుడికి గాటు లేదు. ఆ గాటు నాగవేణి మొగుడు ఆర్ముగానిది. క్వారీలో రాయి ఎగిరి తగిలింది. నేనే ఆసుపత్రికి తీసుకుపోయాను.

చూపు తప్పేమో అనుకున్నాను. సాయంత్రం ఆర్ముగం బిళ్ళ చూస్తే మూతి సుగుణ మొగుడిలాగా ముడుచుకుని ఉంది. అక్కడి నుంచి దినాం చూశాను. ఒకరి ముక్కు ఇంకొకరికి, ఒకరి బట్టతల ఇంకొకరికి. ఒక్కో దినానికి ఒక్కో వెంట్రుకవాసి. తమ బిళ్ళను దినాం చూసుకునే ఆడవాళ్ళకు అది తెలియలేదు. అన్ని బిళ్ళల్నీ చూసేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇరవయ్యో దినానికి తెర మీద పై నుంచి కింది దాకా వేలితో జరిపాను. ముప్పై ఎనిమిది గుండ్రటి గీతల్లో ఒకే మనిషి. ఊళ్లో అట్లాంటి మనిషి లేడు. కానీ ఎక్కడో చూసినట్టే ఉన్నాడు. చెవి తమ్మె మీద పుట్టుమచ్చ ఉంది. నా చెవి తమ్మె మీద ఉన్నదే. చెయ్యి దానంతటదే పోయి నా చెవిని తడుముకుంది.

ట్యాబు బోర్లా పెట్టాను. ఆ పూట పాలు చీటీ మీద రాశాను.

గొడవ ఆ సాయంత్రమే వచ్చింది. సుగుణ పాల తపేలా కింద పెట్టకుండానే నాగవేణి మీదికి వెళ్ళింది.

"ఏమ్మే, నా మొగుడు నిన్ను వేణీ అని పిలుస్తాడంట?"

"నీ మొగుడు నన్నెందుకు పిలుస్తాడే? ఆ మొహానికి పిలుపొకటి తక్కువా?"

"రాత్రి బిళ్ళలో పాలెన్ని అని అడిగితే, 'వేణీ, కాలు పట్టుమే' అన్నాడు. అంతా విన్నా!"

నాగవేణి మొహం పాలిపోయింది. అది ఆమె ఇంట్లో, తలుపు వేసుకున్నాక, ఆమె మొగుడు అనే మాట. కొప్పు పట్టుకునేదాకా పోయింది. వరసలో ఉన్నవాళ్ళు విడదీశారు. విడదీసిన వాళ్ళలో ఇద్దరు ముగ్గురు అప్పటికే ఎవరి మొహం వాళ్ళు చూడలేక తలదించుకుని ఉన్నారు. వాళ్ళ బిళ్ళలూ ఏవేవో పలికాయని అప్పుడు తెలిసింది. ఒకామె దాచిన సంగతి ఇంకొకామె వంటింట్లో పలికింది. ఎవరూ పైకి చెప్పుకోలేదు.

కేంద్రం మూసి అక్క ఇంటికి వెళ్ళాను. మా ఇంటికి రెండిళ్ళ అవతల. వాకిట్లో కడిగి బోర్లించిన కంచాలు రెండు ఉన్నాయి. ఎనిమిదేళ్ళుగా ఆ చోట ఒకటే ఉండేది.

వంటింట్లోంచి మగగొంతు వినిపించింది.

"ఇంకొంచెం చారు పొయ్యి మే."

నా కాళ్ళు గడప దాటలేదు. అది బావ గొంతు కాదు. కాదని చెప్పడానికి నాకు బావ గొంతు గుర్తు లేదు. అందులో ఆర్ముగం బొంగురు ఉంది, సుగుణ మొగుడి విసుగు ఉంది, నా దగ్గు ఉంది.

అక్క బయటికి వచ్చింది. మొహం కడుక్కుని, పూలు పెట్టుకుని ఉంది.

"ఏం రా అబ్బోడా, ఆడనే నిలబడినావు?"

"ఆ ఫోను నాకియ్యి అక్కా."

"ఎందుకు?"

చెయ్యి చాపాను. ఆమె ఫోనును కొంగులో చుట్టుకుంది. చిన్నప్పుడు మిఠాయి దాచుకున్నట్టు. నేను తిరిగొచ్చాను. ఆ పూట లాక్కుని ఉండాల్సింది.

నేను ఫోన్ చేస్తే యామినమ్మ మరుసటి సాయంత్రానికి వచ్చింది. పాలు పోసేవాళ్ళంతా పోయాక షట్టరు సగం దించి ట్యాబు చేతికిచ్చాను. వేలితో జరిపింది. జరిపి, మళ్ళీ పైకి జరిపింది. ఏదో తెరిచి చూసింది.

"రత్నంగారూ, వీళ్ళంతా పేరేం చెప్పారు?"

"మా ఆయన అని."

"పేరండీ."

"అదే."

ఆమె పాలక్యాను మీద కూర్చుండిపోయింది. ట్యాబు నా వైపు తిప్పింది. సభ్యుడి పేరు: మా ఆయన. ఇళ్ళు: ముప్పై ఎనిమిది.

"దీని లెక్కలో ఇది ఒకే మనిషి. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒకే మనిషి గురించి చెబుతున్నారనుకుని అందరి గొంతుల్లోంచీ ఒక్కణ్ణే తయారు చేసింది. మేము పరీక్ష చేసింది సిటీలో. అక్కడ అందరూ పేర్లే చెప్పారు." ఆమె నా వైపు చూసింది. "మీరైనా చెప్పాల్సింది కదా."

"నాకు తోచలేదమ్మా."

ఆమె తీసేయడానికి ఏదో నొక్కింది. తీసేయాలంటే సభ్యుడి అనుమతి కావాలని తెర మీద పడింది. అనుమతి చెప్పాల్సింది సభ్యుడి తరఫున బిళ్ళ. ఆ పద్ధతి పెట్టింది ఆమే.

గుండ్రటి గీతలో ఆ మనిషి కళ్ళెత్తాడు.

"ఎందుకు? నేను బాగానే ఉండా కదా."

యామినమ్మ మళ్ళీ నొక్కింది.

"వద్దంటా ఉండా కదా. రత్నం, నువ్వు పాలు కొలిచే పని చూసుకో."

ట్యాబు ఆమె చేతిలోంచి జారింది. పగల్లేదు. నేల మీద పడి పైకి చూస్తూనే ఉంది.

"అది బతికున్నది కాదు," అంది యామినమ్మ. ఆమె గొంతు ఆమెదిలా లేదు. "మీ ఊరి మగవాళ్ళు మామూలుగా అనే మాటలే అంటోంది. అంతకుమించి అందులో ఏమీ లేదు." పై ఆఫీసుకు ఫోన్ చేసింది. మొత్తం సర్వర్ ఆపడానికి మూడు దినాలు పడుతుందన్నారు. మిగిలింది ఒకటే దారి అంది. ఒక్కొక్కరూ వచ్చి మొగుడి పేరు పలకాలి. పలికిన పేరు ప్రకారం ఆ మనిషి ఆ ముద్దలోంచి విడిపోతాడు.

"పలకరమ్మా," అన్నాను.

ఆ రాత్రి ఆమె మా ఇంట్లోనే ఉంది. సరోజ ఆమెకు పక్క వేస్తూ అంతా విన్నది. దీపం తీశాక, "పేరు పలికితే ఏమీ కాదు కదా?" అని నన్నడిగింది. తెలీదన్నాను.

పొద్దున్నే సరోజ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఐదున్నరకు అందరూ వచ్చారు. తపేలాలు పట్టుకుని గోడ వారగా నిలబడ్డారు, మాటా పలుకూ లేదు. నేను వరస చూశాను. అక్క లేదు.

"చెంగమ్మక్క ఇందాకే పోతా ఉన్నింది కదా," అంది కుప్పమ్మవ్వ. "కొత్త చీర కట్టుకోని, చేతిలో క్యారేజీ. యాడికి మే అంటే, ఆయన పిలిచినాడు అన్నింది. నవ్వులాటకు అంటా ఉందేమో అనుకుంటి."

"పిలిచినాడా? యాడికి?"

అవ్వకు తెలియదు. అప్పుడు నాగవేణి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అన్నా, మా ఆయన దినాం పొద్దన్నే ఫోన్లో అనేది అదే. క్వారీ కాడుండా, సంగటి తీసుకోని రామే, అని."

నేను పరుగెత్తాను. ఆర్ముగం పని చేసే క్వారీ రోడ్డు పక్కన. అక్కకు తెలిసిన క్వారీ అది కాదు. పెళ్ళయిన కొత్తలో బావ రాయి కొట్టింది గుట్ట వెనక పాత క్వారీలో. రాయి అయిపోయి వదిలేశారు. ఇప్పుడు అది నీళ్ళు నిండిన గుంత. మేకల్ని కూడా అటు తోలరు.

అంచు దగ్గరికి పోయి కిందికి చూశాను. రాతిలో తొలిచిన మెట్లు నీళ్ళలోకి దిగిపోతాయి. అక్క కంటికి ఆనే ఆఖరు మెట్టు మీద నిలబడి ఉంది. నీళ్ళు చీలమండల మీదికి వచ్చాయి. చీర కుచ్చిళ్ళు తడిసి తేలుతున్నాయి. ఒక చేతిలో క్యారేజీ, ఒక చేతిలో ఫోను.

"దిగి రామే. కిందుండా. ఆకలైతా ఉండాది."

నాలుగు వైపులా నిలువు బండ. ఆ మాట బండకు తగిలి మళ్ళీ మళ్ళీ వచ్చింది. కిందుండా, కిందుండా. క్వారీలో పని చేసేవాడు ఎప్పుడూ కిందనే ఉంటాడు. పైనున్న పెళ్ళాన్ని దిగి రమ్మనే పిలుస్తాడు. అందులో వింతేమీ లేదు. అది తెలిసి కూడా నా ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నీళ్ళ కింద నిజంగా ఎవరైనా ఉన్నారేమోనని చూశాను.

పరుగెత్తి దిగితే ఆమె బెదురుతుంది. పాచి పట్టిన మెట్లు. పది మెట్లు పైనే కూర్చున్నాను.

"అక్కా. అది ఆర్ముగం మాట."

"తెలుసు రా."

తిరగలేదు. నీళ్ళ వైపే చూస్తూ చెప్పింది.

"మా ఆయన కాదని మొదటి దినమే తెలుసు. ఎనిమిదేండ్లాయ రా, రామే అని నన్ను పిలిచినోళ్ళు లేరు. ఎవరో ఒకరు పిలిచినారు కదా."

"దిగి రామే," అంది ఫోను.

ఆమె కుడికాలు ఎత్తింది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. నాకెప్పుడూ తోచదు.

"అక్కా, నాకు ఆకలైతా ఉండాది," అన్నాను.

కాలు ఆగింది.

"పొద్దన్నించి ఏమీ తిన్లేదు. నేను కిందికి రాలేను, నాకు కండ్లు తిరగతా ఉండాయి. నువ్వే పైకి తెచ్చి పెట్టు."

అబద్ధం కాదు. నా తల నిజంగానే తిరుగుతోంది. ఆమె మెడ తిప్పి నా మొహం చూసింది. చిన్నప్పుడు అమ్మ పొలానికి పోతే నాకు అన్నం పెట్టింది ఆమే. ఎంతసేపు చూసిందో తెలియదు. తర్వాత ఎత్తిన కాలు వెనక్కి, పై మెట్టు మీద పెట్టింది. ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. క్యారేజీ విప్పింది. సంగటి, నూరిన చెనిక్కాయల ఊరిబిండి. ముద్ద చేసి చేతిలో పెట్టింది. నేను తిన్నాను. ఆమె ఒళ్ళో ఫోను ఆకలైతా ఉందని అంటూనే ఉంది. ముద్ద పెట్టడం ఆపకుండా దాన్ని ఇంకో చేత్తో బోర్లా తిప్పింది.

మేము తిరిగి వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఒక్కరూ ఇంటికి పోలేదు. ఎవరూ మొదలూ పెట్టలేదు.

ముందుకు వచ్చింది మా సరోజ. ట్యాబు ముందు నిలబడి కళ్ళు మూసుకుంది.

"మునిరత్నం," అంది.

పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. నా పేరు ఆమె నోట ఎట్లా ఉంటుందో అప్పుడు విన్నాను. నా గుండె ఒక దెబ్బ తప్పింది. అందరూ నా వైపు చూశారు, నేను పడిపోతానేమోనని. పడలేదు. తెర మీద ఆ మనిషి చెవి మీది పుట్టుమచ్చ పోయింది. పక్కన ఇంకో గీత పడి అందులో నేను వచ్చాను.

"చావలేదు లే," అంది కుప్పమ్మవ్వ. "రండి రండి, పాలు విరిగిపోతాయి."

నాగవేణి గోడ వైపు తిరిగి ఆర్ముగం అంది. గాటు పోయింది. సుగుణ చెంపలు వాయించుకుని మొగుడి పేరు పలికింది. మూతి ముడుపు పోయింది. ఒకామె ఏడ్చింది. ఒకామెకు ముప్పై ఏళ్ళుగా పలక్క పేరు వెంటనే గుర్తుకు రాలేదు, కూతురిని అడిగింది. దానికి నవ్వబోయి ఎవరూ నవ్వలేదు. పేరు పలికిన ప్రతిసారీ ఆ మొహంలో ఏదో ఒకటి ఊడిపోతూ వచ్చింది. మీసం, బట్టతల, పన్ను సందు. ప్రతిసారీ అది, "ఎందుకు మే?" అంది. ప్రతిసారీ గొంతు పలచబడింది.

ముప్పై ఏడు మంది అయ్యారు. మిగిలింది అక్క.

"ఇప్పుడు ఇందులో ఉన్నది ఆమె గొంతులోంచి వచ్చిన జాడ ఒక్కటే," అంది యామినమ్మ నాతో, మెల్లగా. "బావగారి మొహం కనబడొచ్చు. ఆవిడ తట్టుకుంటారా?"

ట్యాబు అక్క ముందు పెట్టాను. నేనూ వంగి చూశాను. ఎనిమిదేళ్ళ తర్వాత బావను చూడబోతున్నాననుకున్నాను.

కళ్ళ కింద నలుపు. ఎండకు కమిలిన బుగ్గలు. కొంచెం పక్కకు వంగిన ముక్కు. అది మా అమ్మ ముక్కు, అక్కకు వచ్చింది. గడ్డం కింద చిన్న మచ్చ. నేను ఆరేళ్ళప్పుడు విసిరిన రాయి తగిలి పడింది. అక్క మొహమే. మగవాడి క్రాఫు పెట్టుకున్న అక్క.

యామినమ్మ కూడా వంగి చూసింది. "జాడ పూడిపోయింది," అంది. "ఇన్నేళ్ళు ఆమె ఒక్కతే..." ఆపేసింది.

బురదలో గుర్తు కూడా అంతే. తొక్కినవాడు మళ్ళీ రాకపోతే చుట్టూ ఉన్న మట్టే కూలి దాన్ని నింపుతుంది.

అక్క దాని వైపు చూసింది. అది అక్క వైపు చూసింది. "వచ్చినావా?" అంది. అది అక్క గొంతే.

అక్క వెనక్కి జరగలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"దొరస్వామి," అంది.

గట్టిగా పలికింది, వాకిట్లోకి వినబడేట్టు. గుండ్రటి గీతలో మొహం చెరిగిపోయింది. బూడిదరంగు మిగిలింది. కింద అక్షరాలు పడ్డాయి.

"ఏమంటాది రా?" అంది అక్క.

పన్నెండేళ్ళుగా అందరికీ చదివి వినిపించేవాణ్ణి. చదివాను. "ఈ పేరుతో సభ్యులెవరూ లేరు. కొత్తగా చేర్చాలా, అంటాది."

"లేడంటాదా?"

"ఆఁ."

అక్క తన తపేలా అందుకుని పాలు క్యాన్లో పోసింది. ఆ దినం పితికి పెట్టి పోయిన పాలు, సరోజ తెచ్చి ఉంచింది.

"నా పేరు రాయి," అంది.

రాశాను. అడ్డం చెప్పే ఆ మనిషి లేడు కాబట్టి యామినమ్మ ఆ సాయంత్రమే గీసే పనినీ, మాట్లాడే పనినీ ఆపేసింది. ఇప్పుడు అందరికీ బూడిదరంగు బిళ్ళలే. లోపల పువ్వో, ఆవో, టమోటానో, ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకున్నారు. అక్క ఏమీ పెట్టుకోలేదు.

అన్నీ ఆపేశామనే చెప్పి పోయింది యామినమ్మ. మిషను మాత్రం పూటపూటకూ పేరు అడుగుతుంది. అక్క వంతు వచ్చినప్పుడు జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఊరుకుంటుంది. అప్పుడు నేను లీటరు కొలత మీది నుంచి చూపు తీసి ఆ ఖాళీ గుండ్రం వైపు చూస్తాను. ఆమె మాట్లాడని ఆ కాసేపట్లో అది ఏం వింటుందోనని నాకు భయం.